కనీసం, సిఫార్సు

సోహార్. జూలై. రాత్రి పదకొండు.
కోల్డ్ స్టోరేజీ లోపల మైనస్ పద్దెనిమిది,
బయట నలభై.
మధ్యలో అగ్గిపెట్టెంత ఆఫీసు, నేనూ, ఒక పాత మెషీనూ.
రెండు జీబీల ర్యామ్.
దుమ్ము తిని దగ్గే ఫ్యాను.
డబ్బా పక్కన పెన్నుతో ఎవరో మలయాళంలో రాసుకున్న పేరు.

అర్బాబ్ మాట ఒక్కటే: కొత్తది కొనేది లేదు.
చేపల లెక్క ఇందులోనే కూర్చోవాలి.
ఏ పడవ, ఎన్ని కిలోలు, ఏ ర్యాకు, ఏ తేదీ.
ఏ డేటాబేసు పడుతుందో చూసి
కాగితం మీద రాసివ్వు.

ముందు పెద్దదాన్ని పిలిచాను.
చెప్పులు విప్పకముందే ఇల్లు కొలిచింది.
ర్యామ్ ఎంత, స్వాప్ ఎంత, డిస్కులో ఖాళీ ఎంత,
నాకు వేరే యూజరు, వేరే గ్రూపు,
కెర్నెల్లో ఈ అంకె మార్చు, అది కాదు, ఇది.
నలభై నిమిషాలు మర్యాదలు చేశాక
ఎర్రక్షరాల్లో చాలదంది.
నాకు కోపం రాలేదు.
అడగందే అమ్మయినా పెట్టదని
దానికెవరో చిన్నప్పుడే నేర్పారు.

తర్వాత పోస్ట్‌గ్రెస్.
నూట ఇరవై ఎనిమిది మెగాబైట్లు పరుచుకుని
ప్రస్తుతానికి ఇది చాలు అంది.
ఆ 'ప్రస్తుతానికి' నాకు తెలుసు.
వచ్చిన ప్రతి మనిషికీ ఒక ప్రాసెస్‌ను నిద్రలేపి పంపుతుంది.
పదిమంది ఒక్కసారి వస్తే
అప్పుడు బయటపడుతుంది వంటింటి సంగతి.

ఎస్‌క్యూలైట్‌ని ఇన్‌స్టాల్ చేశానని కూడా అనలేను.
ఒక్క ఫైలు. అంతే.
సర్వీసు లేదు, పోర్టు లేదు, పాస్‌వర్డు లేదు,
తలుపు వెనక చీపురులా నిలబడింది.
రాసేవాడు మాత్రం ఒక్కడే ఉండాలి,
రెండోవాడు బయట ఆగాలి,
తెల్లారి నాలుగింటికి మా క్యాంపు బాత్రూం ముందులాగా.

అప్పుడే లోపల్నించి పోశెట్టి వచ్చాడు,
కనుబొమ్మల మీద మంచు నీరవుతుంటే తుడుచుకుంటూ.
ఏం జేస్తున్నవ్ అన్నాడు. చెప్పాను.
"గట్లయితే గా ఏం అడగనిదే పెట్టు సారూ.
ఎవ్వలికి బరువు గాదు."

పద్నాలుగేళ్ళకు ఒకటే జాకెట్టు.
జిప్పు పోతే వలతాడుతో కట్టుకుంటాడు.
మంచమున్నకాడికే కాళ్ళు చాపుకోవాలంటారు గదా,
పోశెట్టి ఆరడుగుల మనిషి,
పడుకునేది పై మంచం.
ఊచల్లోంచి బయటికొచ్చిన అతని పాదాలు
రాత్రి నీళ్ళకు లేచిన ప్రతివాడి తలకూ తగులుతాయి.
ఎవరూ ఏమీ అనరు. అతనూ అనడు.

ఎస్‌క్యూలైట్ అని టైపు చేసి
చెరిపేశాను.

ఇలాంటి కాగితంలో రెండు గడులుంటాయి,
కనీసం అని ఒకటి, సిఫార్సు అని ఒకటి.
కనీసం అంటే ఎక్కుతుంది అని.
ఎక్కాక ఎన్నాళ్ళు నడుస్తుందో ఆ గడిలో రాయరు.
ముంబైలో మా ఏజెంటు
మా అందరినీ మొదటి గడి చూసే విమానం ఎక్కించాడు.

పొద్దున ఆరింటికి మూడు పడవలు కలిసి వస్తాయి.
మూడు కాటాలు. రాసేవాళ్ళు ముగ్గురు.
పోస్ట్‌గ్రెస్ అని రాశాను.
కింద, ర్యామ్ ఇంకో నాలుగు జీబీలు,
సెకండ్‌హ్యాండుదైనా సరే, నాలుగు రియాళ్ళు.
ఇంకా కింద, ఎవరూ గీయమనని ఒక గడి గీసి
జాకెట్టు, పొడుగు మనిషిది, ఒకటి.

ఇదేంటి, దీనికీ డేటాబేసుకీ ఏం సంబంధం
అన్నాడు అర్బాబ్.
వేళ్ళు కొంకర్లు పోతే మూడు ఎనిమిదవుతుంది అన్నాను.
కాసేపు నావంక చూశాడు.

ర్యామ్ గురువారం వచ్చింది.
జాకెట్టుకు బుక్రా అన్నాడు.
నీ ఫోన్లో నంబర్లన్నీ దాచేది ఆ ఏమీ అడగనిదే అని
పోశెట్టికి చెబితే నమ్మలేదు.
ఫోను తిప్పి, వెనక పగిలిన చోట
బొటనవేలితో ఒకసారి నిమిరాడు.